పెంటయ్య సార్, ఉమ్మడి ఫైళ్లు

కంప్యూటర్‌లో ఏదైనా ప్రోగ్రాం మొరాయించినప్పుడు వచ్చే శబ్దం ఒకటుంది. ఇప్పటి యంత్రాల్లో అది మెత్తబడింది గానీ పాత విండోస్‌లో ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టు 'ఠంగ్'మనేది. కిందటి నెల తుర్కపల్లిలో నేను పనిచేసే ల్యాబ్‌లో చాలా ఏళ్ల తర్వాత ఆ శబ్దం విన్నాను. ఒక పాత పరికరానికి తగిలించిన అంతకంటే పాత కంప్యూటర్ అది. తెర మీద చిన్న డబ్బా తెరుచుకుని, ఫలానా డీఎల్ఎల్ ఫైలు దొరకడం లేదని, అందుకే ప్రోగ్రాం మొదలుకాదని చెబుతోంది. పక్కన కూర్చున్న మూర్తి, నా ఈడువాడే, "ఏముందండీ, ఆ ఫైలు నెట్‌లో దొరుకుతుంది. దించి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేస్తే సరి" అన్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే మౌస్ మీద నుంచి వెనక్కి వచ్చేసింది. "ఆగండి, ఇందులో ఇంకా ఏయే ప్రోగ్రాములున్నాయో ముందు రాసుకుందాం" అన్నాను. అరగంట పట్టింది. మూర్తి ఓపికగా చూసి, "ఈ చాదస్తం ఎవరు నేర్పారండీ మీకు?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం కంపెనీ క్యాబ్‌లో ఇంటికి వెళ్తుంటే, అడిగిన మనిషికి జవాబు చెప్పలేదు కదా అనిపించింది. మూర్తికి పెంటయ్య సార్ తెలియదు. ఇది చదివేవాళ్లకూ తెలియదు. అందుకని రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ పూర్తిచేసి, ఒక ఏడాది కంప్యూటర్ కోర్సు చదివి ఖాళీగా ఉన్నాను. మాది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాం. మేడ్చల్‌లో ఒకాయన కోళ్ల దాణా మిల్లులకూ, గుడ్లు పొదిగించే హేచరీలకూ ప్రోగ్రాములు రాసి అమ్ముతుంటాడని, ఆయనకు మనిషి కావాలని పక్కింటివాళ్లు చెప్తే బొల్లారంలో ప్యాసింజర్ ఎక్కి వెళ్లాను. ట్రాక్టర్ విడిభాగాల దుకాణం మీద మొదటి అంతస్తులో ఒక గది. మెట్ల మీద గ్రీజు వాసన. లోపల మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, లారీల రోడ్డు వైపు తెరుచుకునే ఒక కిటికీ. చొక్కా చేతులు మోచేతి దాకా మడుచుకుని, జేబులో పెన్సిల్ పెట్టుకున్న యాభై ఏళ్ల మనిషి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆయనే పెంటయ్య సార్. నేను సర్టిఫికెట్ల కవరు తీయబోతే చేత్తో వద్దన్నాడు.

"అవి సంచిలనే ఉంచు బిడ్డా. గీ రెండు ఫ్లాపీలల్ల ఒక ప్రోగ్రాం ఉన్నది. నా కంప్యూటర్ల మంచిగ నడుస్తది. గా మూలకున్న దాంట్ల నడిపియ్యి. నడువకుంటె ఎందుకు నడుస్తలేదో నాకు జెప్పు."

ఆ మూలనున్నదానిలో నడవలేదు. ఫ్లాపీ పాడైందేమోనని మళ్లీ కాపీ చేశాను. నడవలేదు. ఠంగ్‌మని డబ్బా వచ్చి ఒక ఫైలు పేరు చెప్పింది. ఆ ఫైలు ఆయన కంప్యూటర్ నుంచి తెచ్చి పెడితే ఇంకో పేరు చెప్పింది. అదీ తెస్తే మరొకటి. మధ్యాహ్నం ఆయన నాకు టీ తెప్పించాడు గానీ ఒక్క ముక్క సాయం చెయ్యలేదు. నాలుగో ఫైలు పెట్టాక ప్రోగ్రాం తెరుచుకుంది. గెలిచినట్టే లేచి, "ఈ నాలుగు ఫైళ్లు మీ దాంట్లో ఉన్నాయి, దీంట్లో లేవు సార్. అందుకే నడవలేదు" అన్నాను.

"అవి నా ఫైళ్లేనా? నేను రాసిన్నా?"

"కాదు సార్."

"మరెవ్వరియి? నా దాంట్లకు ఎట్లొచ్చినయి?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మా వాడకట్టుల సంఘపోళ్ల వంట బగోనలున్నయి. ఎవరింట్ల పెండ్లయినా అవే తెచ్చుకుంటరు. ఇంటికొక పెద్ద బగోన కొనే పని లేదు. డీఎల్ఎల్ గట్లనే. పది ప్రోగ్రాములకు కావల్సిన పనిని ఒక్క ఫైల్ల పెట్టి అందరు వాడుకుంటరు. ఏ ప్రోగ్రాం ఎక్కిచ్చినోడో తెచ్చి పెడ్తడు, మిగిలినోళ్లు వాడుకుంటరు. మంచిదే. కని ఒకడు తన వంటకు సరిపోలేదని మూత మార్చి పెట్టిపోయిండనుకో. ఎన్కొచ్చినోని పెండ్లి ఏమైతది?"

"పాడవుతుంది."

"మార్చినోనికి ఎర్కనేనా?"

"తెలియదు సార్. వాళ్ల పెళ్లి అయిపోయి ఉంటుంది."

ఆయన నవ్వాడు. "గదే మన పనిల ఉన్న తిప్పలు. రేపటి సంది రా."

ఆయన చదివింది పదో తరగతి, ఆపైన ఐటీఐ. ఒక పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో మీటర్లు, గేజీలు బాగుచేసే మెకానిక్‌గా ఇరవై ఏళ్లు పనిచేశాడు. అక్కడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరూ దూరంగా జరిగితే ఈయన దగ్గరికి జరిగాడు. ముందుగానే పదవీ విరమణ తీసుకుని, నలభై అయిదు దాటాక ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద ఇంగ్లిషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాడు. ప్రతి పేజీ అంచులోనూ పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసి ఉండేవి. యంత్రాన్ని మెకానిక్ చూసినట్టే ప్రోగ్రామునూ చూసేవాడు. ఏ మర దేనికి బిగించి ఉందో తెలియకుండా పానా పట్టుకోవడం ఆయనకు మహా నేరం.

ఇంటర్వ్యూలో నన్ను ఏడిపించిన మూల కంప్యూటర్‌కు ఆఫీసులో 'బోడి కంప్యూటర్' అని పేరు. అందులో విండోస్ తప్ప ఇంకేమీ ఉండదు. మేం కొత్తగా రాసి కంపైల్ చేసిన, అంటే నడిచే ఫైలుగా మార్చిన, ఏ ప్రోగ్రామైనా ముందు అందులో ఎక్కాలి. మేం రాసుకునే కంప్యూటర్లలో రకరకాల డీఎల్ఎల్‌లు ముందే చేరి ఉంటాయి కాబట్టి అక్కడ అన్నీ నడుస్తాయి. మన దగ్గర నడిచిందంటే అర్థం ఏమీ లేదని ఆయన లెక్క. బోడిదానిలో నడిస్తేనే బయటికి వెళ్లేది. ఒకసారి వాడాక దాన్ని పూర్తిగా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించాలి. సగం పూట పోయేది. అది కాక, ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. ఒక్కో కస్టమర్‌కు కొన్ని పేజీలు. వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న ఉమ్మడి ఫైళ్ల పేర్లు, వాటి సైజు, తేదీ, వెర్షన్ నంబరు. వెళ్లిన ప్రతిసారీ మన ప్రోగ్రామును ముట్టుకోకముందే అవన్నీ చూసి రాయాలి. పోయినసారికీ ఇప్పటికీ ఏదైనా మారి ఉంటే కారణం తెలిసేదాకా ఫ్లాపీ పెట్టకూడదు.

ఇది నాకు విసుగ్గా ఉండేది. మేడ్చల్‌లోనే ఒక దాణా మిల్లులో ఒకసారి పోయినసారి రాసుకున్న దానికీ ఇప్పటికీ ఒక ఫైలు తేదీ తేడా వచ్చింది. "గిది ఎవరు మార్చిన్రు?" అని సార్ అడిగితే మేనేజరు, "నాకేమెర్క సార్? మీది జల్దీ ఎక్కియ్యిండ్రి, బయట లారీలు ఆగినయి" అని అరిచాడు. సార్ ఫ్లాపీలు సంచిలో పెట్టుకుని, కనుక్కుని రేపు వస్తామని చెప్పి బయటికి నడిచాడు. కొత్త ప్రింటర్ బిగించినవాళ్లు మార్చారని మర్నాడు తేలింది. మేం మా ప్రోగ్రాం ఎక్కించాం, ఏమీ కాలేదు. తిరిగి వస్తూ స్కూటర్ వెనక కూర్చుని, "నిన్న ఎక్కించినా ఏమీ అయ్యేది కాదు సార్" అన్నాను.

"కాకపోవచ్చు."

"మరి ఒక రోజంతా వృథా కదా?"

"కాకపోవచ్చు అన్న. కాదు అనలే."

ఈయనతో వాదించి లాభం లేదని ఊరుకున్నాను. లోపల మాత్రం, వయసు మీద పడ్డవాళ్ల భయం ఇది, నాకెందుకు అనుకున్నాను.

రెండేళ్లు గడిచేసరికి ప్రోగ్రాములను కస్టమర్ల కంప్యూటర్‌లో ఎక్కించే సెటప్ తయారుచేసే పని పూర్తిగా నా చేతికి వచ్చింది. మేం ఇచ్చే ఉమ్మడి ఫైలు కంటే కొత్తది అప్పటికే అక్కడ ఉంటే సెటప్ ఆగి, 'మీ దగ్గర ఉన్నది కొత్తది, దాన్నే ఉంచమంటారా' అని అడిగేది. కస్టమర్లు ఏం నొక్కాలో తెలియక ఫోన్లు చేసేవారు. ఆ ఫోన్లు ఎత్తేది నేనే. ఒక రోజు ఆ ప్రశ్న రాకుండా తీసేశాను. అడక్కుండా మా ఫైలే పెట్టెయ్యమని సెటప్‌లో మార్చాను. బోడి కంప్యూటర్ మీద చూస్తే చక్కగా ఎక్కింది. ఎక్కకేం? అందులో మాకంటే కొత్తది ఏదీ ఉండదు కదా. సార్‌కు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత విషయం కాదనుకున్నాను.

ఆ వారంలోనే శామీర్‌పేట దగ్గరున్న హేచరీకి కొత్త వెర్షన్ ఎక్కించాల్సి వచ్చింది. మా కస్టమర్లలో అదే పెద్దది. ఏ షెడ్డు నుంచి వచ్చిన గుడ్లు ఏ సెట్టర్‌లోకి వెళ్లాయి, ఎన్ని పిల్లలయ్యాయి, ఎన్ని పిల్లలు బయటికి వెళ్లాయి, అంతా మా ప్రోగ్రాంలోనే. సెట్టర్ అంటే గుడ్లను మొదటి పద్దెనిమిది రోజులు ఒకే వేడిలో ఉంచే గదంత యంత్రం. సార్ భార్యకు ఆ రోజు ఆసుపత్రిలో పరీక్షలున్నాయి. ఒక్కదాన్నే వెళ్లాను.

హేచరీలోకి మామూలుగా వెళ్లనివ్వరు. కాళ్లు మందునీళ్లలో ముంచి, వాళ్లిచ్చిన కోటు, చెప్పులు వేసుకోవాలి. లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది. మందు వాసన కళ్లల్లోకి వస్తుంది. సెట్టర్ల గది చూసుకునేది బాలమణి అనే ఆవిడ. ముప్పై అయిదేళ్లుంటాయి. గుడ్డును కనురెప్పకు ఆనించుకుని వేడి ఎంతుందో చెప్పేసేది. థర్మామీటర్ పెట్టి చూస్తే దాదాపు అంతే ఉండేది. ఆవిడ గది పక్కనే కంప్యూటర్. అందులో మా ప్రోగ్రాంతో పాటు వేరే కంపెనీవాళ్లు పెట్టిన అలారం ప్రోగ్రాం ఉండేది. సెట్టర్లలో వేడి హద్దు దాటితే అది గట్టిగా మోగుతుంది. అది వచ్చాక గంటగంటకూ తిరిగి చూసే పని తగ్గించి, పిల్లల్ని పెట్టెల్లో సర్దించే పని కూడా బాలమణికే అప్పగించారు.

నేను వెళ్లేసరికి కరెంటు పోయింది. కంప్యూటర్‌కు జనరేటర్ లైను లేదు. కరెంటు వచ్చేదాకా కూర్చున్నాను. వచ్చాక టైము చూసుకుంటే పొడుగాటి పుస్తకంలో పేజీ నింపడానికి మనసు రాలేదు. అప్పటికి మూడుచోట్ల ఇదే వెర్షన్ ఎక్కించాను, ఏమీ కాలేదు. ఫ్లాపీలు పెట్టాను. ఎక్కింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టమంది, పెట్టాను. విండోస్ తెరుచుకోగానే ఠంగ్‌మని ఒక డబ్బా వచ్చింది. ఓకే నొక్కాను. మా ప్రోగ్రాం తెరిచి చూస్తే బాగానే ఉంది. బాలమణి తలుపులోంచి తొంగి చూసి, "అయిందా మేడం? అంత మంచిగున్నదా?" అంది. "అంతా బాగుందండీ" అని చెప్పి, బయట ఆగి ఉన్న ఆటో ఎక్కేశాను.

మర్నాడు ఉదయం హేచరీ మేనేజరు ఫోన్ చేశాడు. మా మీద ఫిర్యాదుకు కాదు. ఒక సెట్టర్‌లో ఉన్న గుడ్ల వివరాలు ప్రింటు తీయడం ఎలాగని అడగడానికి. సార్ మాటల్లో పెట్టి సంగతి రాబట్టాడు. నిన్న మధ్యాహ్నం, నేను వచ్చేశాక, ఆ సెట్టర్‌లో ఫ్యాను బెల్టు తెగింది. పదిహేడు రోజుల గుడ్లు అవి. ఆ దశలో గుడ్లలోంచే వేడి పుడుతుంది, గాలి ఆడకపోతే లోపల ఉడికిపోతాయి. అలారం మోగలేదు. సాయంత్రం బాలమణి పిల్లల పెట్టెల పని ముగించుకుని వచ్చి తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. మోత భరించలేక ఆవిడ అలారం బందు చేసిందని, ఇంతకుముందు కూడా ఒకసారి అలాగే చేసిందని, అందుకే ఈ రోజు నుంచి పనికి రావద్దన్నామని మేనేజరు చెప్పాడు.

ఫోన్ పెట్టేసి సార్ నా వైపు తిరిగాడు. "నిన్న పోయినకాడి సంది ఏమేం జేసినవో ఒక్కొక్కటి జెప్పు." చెప్పాను. ఫైళ్ల పేజీ రాయలేదని కూడా చెప్పాను. డబ్బా సంగతి మాత్రం నోటికి రాలేదు. ఆయన ఇంకేమీ అడక్కుండా స్కూటర్ తాళం తీసుకున్నాడు.

శామీర్‌పేటలో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకం తెరిచాడు. అంతకుముందు తానే రాసిన పేజీ తీసి, వేలు పెట్టుకుని ఒక్కో ఫైలు వెర్షన్ సరిచూస్తూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. పోయినసారి ఉన్న నంబరు కంటే ఇప్పుడున్నది తక్కువ. కొత్త ఫైలు పోయి పాత ఫైలు వచ్చింది. ఆ పాతది మా ఫ్లాపీలోదే. అలారం ప్రోగ్రాం మీద నొక్కాడు. ఠంగ్. కావల్సిన పని ఆ డీఎల్ఎల్‌లో దొరకడం లేదని డబ్బా వచ్చింది.

"సార్, నిన్న కూడా ఇలాంటిదే వచ్చింది. ఓకే నొక్కాను" అన్నాను.

"ఏమని రాసి ఉండె దాంట్ల?"

"చదవలేదు సార్."

సెటప్‌లో ప్రశ్న తీసేసిన సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. అలారం కంపెనీవాళ్ల సీడీ అడిగి తెప్పించి, కొత్త ఫైలు మళ్లీ పెట్టాడు. హద్దు నంబరు కిందికి దించి పరీక్షించాడు. గది దద్దరిల్లేలా అలారం మోగింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, "ఆఁ, మోగుతాందిగా! చూసిన్రా, ఆమెనే బందు జేసింది" అన్నాడు.

అతను వెళ్లిపోయాక నేను ఫ్లాపీలు సర్దడం మొదలుపెట్టాను. ఆ క్షణం నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాయాలంటే, గండం గడిచిందనుకున్నాను. ఫైలు సరైంది. ఎవరూ మమ్మల్ని అనుమానించలేదు. చనిపోయిన గుడ్లు ఎలాగూ తిరిగి రావు.

సార్ కుర్చీలోంచి లేవలేదు. "ఫైలు బాగు జేసినం. బాలమణి సంగతేంది?" అన్నాడు.

"మీరు చెప్తారా సార్?"

"నేను వస్త. జెప్పేది నువ్వు."

హేచరీ యజమాని ప్రసాదరావుగారి గది బయటే ఉంది. నిలబడే చెప్పాను. "సార్, నిన్న అలారం ఆగిపోవడానికి కారణం నేను. మా ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఆ ప్రోగ్రాముకు కావలసిన ఫైలు మీద పాతది పెట్టేశాను. తప్పు వచ్చిందని కంప్యూటర్ చెప్పినా చదవకుండా వెళ్లిపోయాను. బాలమణిగారు దేన్నీ ముట్టుకోలేదు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా" అన్నాడాయన.

"తెలిసేది కాదండీ."

"మరెందుకు చెప్తున్నట్టు?"

వెనక నుంచి సార్ అన్నాడు. "ఆమె పని పోయి ఇంట్ల కూసున్నది గద సార్. ఇగ, ఈ పిల్లను ఒక్కదాన్ని పంపింది నేను. సెటప్ సూడకుండ పంపింది గూడ నేనే. తప్పుల సగం నాది."

ప్రసాదరావుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకో నాలుగు రోజులైతే పిల్లలయ్యేవమ్మా అవి" అన్నాడు. గొంతు పెంచలేదు. బాలమణిని వెంటనే పిలిపిస్తానన్నాడు. ఆ తర్వాత సార్ వైపు తిరిగి, "పెంటయ్యగారూ, మీరంటే గౌరవం పోలేదు. కానీ మీ ప్రోగ్రాం ఇక మా కంప్యూటర్‌లో ఉండదు. తీసేసి వెళ్లండి" అన్నాడు. సార్ వాళ్ల గుడ్ల వివరాలన్నీ ప్రింటు తీసి ఇచ్చి, మా ప్రోగ్రాం తానే తొలగించాడు. తొలగించేటప్పుడు కూడా ఉమ్మడి ఫైళ్లను ముట్టుకోకుండా, మళ్లీ ఒకసారి అలారం మోగించి చూసి బయటికి వచ్చాడు.

చెరువు పక్క రోడ్డు మీదికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. సార్ స్కూటర్ పక్కకు ఆపాడు. "ఏడువకు అని అనను. ఏడుపొస్తే ఏడువు. కని రేపు పొద్దుగాల జల్దీ రా. గదే ఫ్లాపీ ఇంకా మూడు కాడ ఎక్కిచ్చినవ్ గద, అందరి కాడికి పోవాలె" అన్నాడు. వెళ్లాం. రెండుచోట్ల ఏమీ కాలేదు. మూడోచోట ఒక ఫైలు పాతదైపోయి ఉంది, అదృష్టవశాత్తూ దాన్ని వాడే ప్రోగ్రాం ఇంకా ఎవరూ తెరవలేదు. ప్రతిచోటా ఏం జరిగిందో నేనే చెప్పాను. మూడోసారి చెప్పేసరికి మాట తడబడలేదు. పొడుగాటి పుస్తకంలో హేచరీ పేజీ చివర సార్ పెన్సిల్‌తో ఒక్క ముక్క రాశాడు: 'మేము పాడు చేసినం.' నా పేరు రాయలేదు.

రెండు నెలల తర్వాత శామీర్‌పేట బస్టాపులో బాలమణి కనబడింది. దగ్గరికి వెళ్లి, క్షమించమని అడిగాను. "మళ్ల పనిలకు తీస్కున్నరు మేడం. మంచిదే. కని ఆ దినం పొద్దుగాల మా అత్త, నా మొగడు, వాడకట్టోళ్లు అందరు నన్ను ఎట్ల జూసిన్రో మీకెర్క లేదు. మీరు జెప్పేది మా ఓనరు సారుకు జెప్పిన్రు. వాళ్లకు ఎవరు జెప్పాలె?" అంది. ఆవిడ బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. ఈ సంగతి సార్‌కు చెప్తే, "నిజమే గద" అన్నాడు. అంతే.

ఆ తర్వాత నేనే ఒక మార్పు ప్రతిపాదించాను. విండోస్ ఏ ప్రోగ్రాముకైనా డీఎల్ఎల్ కావలసి వస్తే ముందు ఆ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ లేకపోతేనే ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్తుంది. కాబట్టి మనకు కావలసినవన్నీ మన ఫోల్డర్‌లోనే పెట్టుకుందాం, వీలైనవి కంపైల్ చేసేటప్పుడే ప్రోగ్రాంలో కలిపేద్దాం, ఉమ్మడి ఫోల్డర్ గడప తొక్కవద్దు అన్నాను. సార్‌కు వెంటనే నచ్చలేదు. రెండు ఫ్లాపీల ప్రోగ్రాం ఆరు ఫ్లాపీలవుతుంది. కస్టమర్ల డిస్కులు చిన్నవి. పైగా, రేపు ఆ ఫైల్లో లోపం బయటపడి అందరికీ కొత్తది వస్తే మనది మాత్రం పాతదే మిగిలిపోతుందని అడ్డు చెప్పాడు. అది సరైన అభ్యంతరమే, ఈ రోజుకీ సరైనదే. మూడు రోజులు ఆలోచించి నాలుగో రోజు, "నువ్వన్నట్టే జేద్దాం. మన పాతది మనల్నే ముంచుతది, పక్కోన్ని ముంచది" అన్నాడు. యాభై దాటిన మనిషి, తన పనినంతా అల్లుకున్న పద్ధతిని, అంత తప్పు చేసిన నా మాట మీద మార్చుకున్నాడు. ఆరు ఫ్లాపీల మీద లేబుళ్లు తానే అంటించాడు.

హేచరీ పోవడం మాకు పెద్ద దెబ్బే. కానీ ఆఫీసు మరో ఆరేడేళ్లు నడిచింది. ఫ్లాపీలు పోయి సీడీలు వచ్చాయి. తర్వాత పెద్ద కంపెనీల ప్రోగ్రాములు వచ్చి మిల్లులవాళ్లు ఒక్కొక్కరే అటు మళ్లారు. సార్‌కు చూపు తగ్గింది. ఒక రోజు కుర్చీలు దుకాణంవాళ్లకు ఇచ్చేసి, గది తాళం వేసి, సూరారంలో కూతురి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటికే నాకు తుర్కపల్లి ఉద్యోగం చూసి పెట్టింది కూడా ఆయనే. పరికరాల మెకానిక్కులు ఆయనకు ఎక్కడికక్కడ తెలుసు.

చివరిసారి సూరారం వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని, ఇప్పుడు డీఎల్ఎల్‌ల సంగతి ఏమైందని అడిగాడు. ఒకే ఫైలు రకరకాల వెర్షన్లు పక్కపక్కనే ఉండేలా, ఏ ప్రోగ్రాముకు ఏది కావాలో ఆ ప్రోగ్రామే రాసి చెప్పేలా విండోస్‌లోనే ఏర్పాటు వచ్చిందని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితె ఇగ తప్పు జేసుడు కష్టమే" అన్నాడు. "చేస్తూనే ఉన్నాం సార్" అంటే పగలబడి నవ్వాడు. తర్వాత కూతుర్ని పిలిచి, నాకు అన్నం పెట్టమన్నాడు. ఆ ఏడాది గడవకముందే పోయాడు. కడసారి చూపుకు వెళ్లాను. అప్పుడు లారీలు ఆగాయని అరిచిన మేడ్చల్ దాణా మిల్లు మేనేజరు కూడా వచ్చాడు.

ఇన్నేళ్లలో నేను చాలా మర్చిపోయాను. ఆయన దగ్గర నేర్చుకున్న భాషల్లో ఇప్పుడు ఎవరూ ప్రోగ్రాములు రాయరు. కానీ ల్యాబ్‌లో ఏదైనా పరికరం ఆగిందని, తప్పు అంకెలు చూపించిందని ఫోన్ వస్తే, ఏ ఫైలు, ఏ వెర్షన్ అని అడగడానికి ముందే నా నోట ఒక ప్రశ్న వస్తుంది: "తప్పు ఎవరిదంటున్నారు?" అవతలివాళ్లు మొదట్లో తెల్లబోయేవారు. ఇప్పుడు అలవాటుపడ్డారు. ఎవరో ఒకరి పేరు చెప్తారు. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరి పేరు సిద్ధంగా ఉంటుంది. అది మామూలుగా ఆ గదిలో అందరికంటే చిన్న ఉద్యోగం చేసే మనిషి పేరే అయి ఉంటుంది. నేను ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లి, పని తెమిలేదాకా ఎక్కడికీ వెళ్లొద్దని చెప్పి, నా పక్కన ఆ మనిషికి ఒక కుర్చీ వేయించి, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటాను.